రోజుకి పదకొండు

మూడో అంతస్తుకీ డాబాకీ మధ్య మెట్ల మలుపు. ఉదయం పది దాటి అయిదు నిమిషాలు.

"మాస్టారూ, వేలు కాలుతుంది."

"ఆఁ?"

"సిగరెట్. వేలి దాకా వచ్చేసింది."

"ఓ. చూసుకోలేదు. సూదిపోట్లు తిని తిని మొద్దుబారిపోయాయిలే ఈ వేళ్ళు. నువ్వు ఆ సర్వే అమ్మాయివి కదూ? నెల కిందట వచ్చావు."

"అయిదు వారాలైంది. కింద టైలర్ బోర్డు చూసుకుని పైకొస్తే తలుపు దగ్గరగా వేసుంది. మెట్ల మీద ఉంటారనుకున్నాను."

"ఎలా అనుకున్నావ్?"

"పది దాటింది కదా. పదింటికోటి అని మీరే చెప్పారు."

"చెప్పానా?"

"ఫారంలో రాసుకున్నాను. ఆరు, ఎనిమిది, పది, పన్నెండు. అలా రాత్రంతా కూడా. మొత్తం పదకొండు."

"బాగానే గుర్తుంది నీకు. ఇంకేం కావాలి మరి? అన్నీ అడిగేశావుగా. ఎన్ని తాగుతావు, నిద్ర లేచాక ఎంతసేపటికి తాగుతావు, మానాలని ఉందా, పళ్ళు తింటావా, వారానికి ఎన్ని రోజులు చెమట పట్టేలా నడుస్తావు. చివర్లో నోట్లో దూది కూడా పెట్టించావు."

"ఆ దూది గురించే వచ్చాను."

"పాడైపోయిందా?"

"లేదు. రిజల్టు వచ్చింది."

"ఏదైనా జబ్బా? ఉంటే ఉందని చెప్పెయ్. కంగారు పడే రకం కాదు నేను. ఆ ఓపిక అయిపోయింది."

"జబ్బు పరీక్ష కాదండీ అది. పొగ తాగేవాళ్ళ ఉమ్మిలో నికోటిన్ జాడ ఉంటుంది. ఎంత తాగితే అంత ఎక్కువ. మీరు రోజుకి పదకొండు అన్నారు."

"అన్నాను."

"మీ దూదిలో ఏమీ లేదు."

"తక్కువుందా?"

"తక్కువ కాదు, లేదు. జన్మలో సిగరెట్ ముట్టనివాళ్ళది ఎలా ఉంటుందో అలా ఉంది."

"మీ మిషన్ చెడిపోయుంటుంది."

"అదే ట్రేలో తొంభై మందివి పెట్టారు. మిగతా ఎనభై తొమ్మిదీ సరిగ్గానే వచ్చాయి."

"అయితే మారిపోయుంటుంది. నా దగ్గరా జరుగుతుంది. ఒకళ్ళ ప్యాంటు ఇంకొకళ్ళ సంచిలో పెట్టేస్తుంటా. వాళ్ళు తొడుక్కుని, పొట్టిగా కుట్టావని నన్ను తిడతారు."

"దూది వేసిన గొట్టం మీద నంబరు మీ ఎదురుగానే అంటించాను. మారిపోయిందని మా సారు కూడా అనలేదు. ఇంకో మాటన్నారు."

"ఏమన్నాడు?"

"నేను అసలు మీ ఇంటికి రాలేదట. ఎక్కడో కూర్చుని ఫారం నింపేసి, దూది నా నోట్లోనే పెట్టుకుని ఇచ్చానట."

"అదేం మాట? నువ్వొచ్చావు కదా. మా కుర్చీ విరిగిందని మిషన్ బల్ల మీద కూర్చున్నావు కదా."

"సారు చూడలేదు కదా మాస్టారూ. రెండు నెలల కిందట మా టీంలో ఒకతను నిజంగానే అలా చేశాడు. పదిహేడు గొట్టాల్లో ఒకే మనిషి ఉమ్మి. అప్పటి నుంచి మా అందరి మీదా అనుమానమే. నావి నూట నలభై రెండు ఫారాలున్నాయి. అన్నీ పక్కన పెట్టేశారు. మీది తేలితే అవన్నీ తేలతాయి. తేలకపోతే సోమవారం నుంచి రావద్దన్నారు."

"నా ఒక్కడి వల్లా?"

"మీరు అలా చెప్పారు కాబట్టి. అందరూ తగ్గించి చెబుతారు. ఇరవై తాగేవాళ్ళు పది అంటారు. పది తాగేవాళ్ళు, ఏదో అప్పుడప్పుడూ అంటారు. ఆరు నెలలుగా ఇదే అడుగుతున్నాను, ఎక్కువ చేసి చెప్పినవాళ్ళు ఒక్కరూ తగల్లేదు. సున్నా ఉన్నవాడు పదకొండు అని ఎందుకంటాడు, పైగా టైములతో సహా ఎందుకు చెప్తాడు అంటారు మా సారు."

"నడుము కొలతా అంతే. టేపు పెట్టగానే పొట్ట లోపలికి పీల్చేస్తారు. నలభై ఉన్నవాడు ముప్పై ఏడు వస్తాడు. నేనేమీ అనను. ముప్పై ఏడు అని పైకి చదివి, చీటీ మీద నలభై రాసుకుంటా."

"పొట్ట ముందుకు పెట్టి కొలిపించుకునేవాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

"ఎందుకుంటారు. ఆఁ, ఒకాయన వచ్చాడు. చాలా ఏళ్ళయింది. ఏదో జబ్బు, సగమైపోయాడు. పాత కొలతలకే కుట్టమన్నాడు. వదులైపోతుందండీ అంటే, ఫరవాలేదు, కొత్త కొలతలు ఇంట్లో వాళ్ళు చూస్తారు అన్నాడు."

"కుట్టారా?"

"కుట్టాను. మళ్ళీ రాలేదాయన."

"ఇప్పుడు ఏం చేయాలంటే మాస్టారూ, ఇంకోసారి దూది పెట్టుకోవాలి. ఇంట్లో ఒకళ్ళు దగ్గరుండి చూసి, మీదేనని సాక్షి సంతకం పెట్టాలి."

"ఇంట్లో ఎవరు?"

"పద్దెనిమిదేళ్ళు దాటినవాళ్ళు ఎవరైనా. పిన్నిగారు ఉన్నారు కదా?"

"తను వద్దు."

"ఇంకెవరున్నారు?"

"మా అమ్మాయి ఉంది. ఇరవై రెండు దాటాయి. సంతకం పెట్టే స్థితి కాదు."

"తెలుసండీ. ఆ రోజు చూశాను."

"కింద ఇస్త్రీ అతను పెడతాడు. మంచివాడు. అడిగితే రెండు పెడతాడు."

"ఇంట్లో మనిషే ఉండాలి."

"ఎడమ చేత్తో నేనే పెట్టేస్తాను. నాకు వచ్చు."

"అలాంటివి పట్టుకోవడానికే మా సారుకి జీతమిచ్చేది."

"సరే. అయితే ఇప్పుడే ఒకటి కాల్చేస్తాను. తర్వాత దూది పెట్టు. అప్పుడు ఉంటుంది కదా?"

"ఒక్కటి కాలిస్తే ఏదో కొంచెం కనిపిస్తుంది. పదకొండుకి సరిపోదు."

"ఎల్లుండి దాకా ఆగు పోనీ. రెండు రోజులూ లెక్కగా పదకొండు కాల్చేస్తాను. నీ ఉద్యోగం నిలబడుతుంది, నా మాటా నిలబడుతుంది."

"కాల్చేస్తారా?"

"కాలుస్తాను. ఏం?"

"అంటే ఇప్పుడు కాల్చట్లేదన్నమాట. మాస్టారూ?"

"విన్నాను."

"ఆరోగ్యం సర్వేకి వచ్చి, మానేసిన మనిషి చేత సిగరెట్లు కాల్పించానని రాసుకోమంటారా నన్ను?"

"మానెయ్యలేదు నేను."

"మరి?"

"మానడమంటే, రేపటి నుంచి ముట్టను అని ఒకటి అనుకుంటారు కదా. నేనేమీ అనుకోలేదు. మా అమ్మాయితో ఆసుపత్రిలో నలభై మూడు రోజులున్నాం. సిగరెట్ అనేది ఒకటుందని కూడా గుర్తు రాలేదు. ఇంటికి తెచ్చిన రోజున, నర్సు వచ్చి ముక్కులో ట్యూబు లోంచి తిండి ఎలా పంపాలో, పక్క ఎలా తిప్పాలో మా ఆవిడకి చూపించింది. నేను బయటికొచ్చి ఇక్కడ నిలబడి ఒకటి వెలిగించాను. రుచి తెలియలేదు. కాగితం కాల్చి పీల్చినట్టుంది. ఇంకోటి వెలిగించాను. అదీ అంతే. అప్పుడు తిండీ అంతేలే, ఉప్పు లేకపోయినా తినేసేవాణ్ణి."

"ఇప్పుడు తెలుస్తోందా రుచి?"

"ఏమో. గమనించలేదు."

"ఎప్పటి మాట అది?"

"రెండేళ్ళ మూడు నెలలు. వానలో బండి జారింది. హెల్మెట్ పెట్టుకునే ఉంది. అది కూడా నువ్వు అడిగావు ఆ రోజు, బండి నడిపేటప్పుడు ఎప్పుడూ పెట్టుకుంటారా, అప్పుడప్పుడూ పెట్టుకుంటారా అని."

"అది అందరినీ అడగాలండీ."

"తప్పని కాదు, గుర్తొచ్చి చెప్పాను."

"మరి ఈ సిగరెట్లు?"

"వెలిగించి ఆ పిట్టగోడ మీద పెడతాను. దానంతటది కాలిపోతుంది. ఎనిమిది నిమిషాలు పడుతుంది. గాలి గట్టిగా ఉంటే ఆరు. ఒక్కోసారి ఇలా చేత్తో పట్టుకుంటా. చొక్కాకి వాసన పట్టాలి కదా."

"రోజుకి పదకొండు కొని, వెలిగించి, గోడ మీద పెడతారు."

"ఆఁ."

"ఎందుకు మాస్టారూ?"

"దమ్ము కొట్టొస్తానంటే ఎవరూ ఏమీ అనరమ్మా. అలవాటున్న మనిషి, వెళ్ళాలి, వెళ్తాడు అనుకుంటారు. ఊరికే మెట్ల మీద నిలబడి వస్తానంటే ఎందుకంటారు. అప్పుడేం చెప్పాలి?"

"పిన్నిగారు అంటారా?"

"తను ఏమీ అనదు."

"మరింకేం?"

"అదే. తను ఏమీ అనదు."

"ఒకటి అడగనా? ఫారంలోది కాదు."

"అడుగు. ఫారంలోవి అన్నీ అయిపోయాయిగా."

"ఆ రోజు మీ మిషన్ బల్ల మీద కూర్చుంటే లోపలి గది గోడ కనిపించింది. చార్టు ఒకటి అంటించి ఉంది. ఎడమ, వెల్లకిలా, కుడి అని. పక్కన టైములు."

"పడుకుని పడుకుని వీపు మీద పుళ్ళు పడతాయి. రెండు గంటలకోసారి పక్క తిప్పాలి. ఆసుపత్రి వాళ్ళు ఇచ్చారది."

"ఆరు, ఎనిమిది, పది, పన్నెండు."

"చార్టంటే అలానే ఉంటుంది."

"మీ సిగరెట్లూ అవే టైములు. ఆ రోజు నాకు తట్టలేదు. నిన్న సారు టైములు చదివి వినిపిస్తుంటే తట్టింది. కాకపోతే చార్టులో పన్నెండున్నాయి. మీరు చెప్పినవి పదకొండు."

"తెల్లవారుజామున నాలుగింటిదానికి నాకు మెలకువ రాదు. పడుకుంటే అప్పుడే కాస్త పడుకునేది."

"అప్పుడూ పిన్నిగారు లేస్తారు."

"అలారం పెట్టుకుంటుంది. తలగడ కింద పెట్టుకుంటుంది, నాకు వినపడకుండా."

"మీరు ఒక్కసారి కూడా తిప్పలేదా?"

"లేదు."

"రెండేళ్ళలో?"

"చెప్పాను కదమ్మా. లేదు. సన్నగా కనిపిస్తుంది కానీ బలమున్న మనిషి తను. అలా చూడకు. నేను తప్పు చేయట్లేదని అనట్లేదు. తిప్పేటప్పుడు మా అమ్మాయి ఒక చప్పుడు చేస్తుంది. మాట కాదు. ఏడుపు కాదు. మూలుగూ కాదు. నొప్పేం కాదు, లోపలి గాలి అలా వస్తుందంతే అన్నాడు డాక్టరు. గాలే అయ్యుంటుంది. మిగతా రోజంతా ఇంట్లోనే ఉంటాను, మిషన్ కుట్టుకుంటాను, దాని పక్కన కూర్చుని పేపరు చదువుతాను, గోళ్ళు తీస్తాను, తల దువ్వుతాను. ఆ చప్పుడు వచ్చేటప్పుడు మాత్రం ఉండలేను. ఆ గోడల మధ్య ఉండలేను."

"సరే మాస్టారూ."

"ఇప్పుడు చెప్పు. ఇదంతా ఎక్కడ రాస్తావ్?"

"ఇదిగో, ఈ కాగితం. తేడా రావడానికి కారణం. ఒకటి, ఈ మధ్యనే మానేశారు. రెండు, నమూనాలో పొరపాటు. మూడు, సరిగ్గా జ్ఞాపకం లేదు. నాలుగు, జవాబు చెప్పడానికి ఇష్టపడలేదు. అయిదు, ఇతర కారణాలు."

"మూడు పెట్టెయ్. జ్ఞాపకం లేదు."

"రెండు గంటలకోసారి ఏం చేస్తున్నారో జ్ఞాపకం లేదని పెడితే మా సారు నాతో పాటు మిమ్మల్నీ అనుమానిస్తారు."

"అయిదు పెట్టు అయితే."

"అయిదు పెడితే కింద వివరం రాయాలి. రెండు గీతలిచ్చారు."

"రెండు గీతల్లో ఏం పడుతుంది?"

"అదే నాకూ తెలియట్లేదు."

"ఒక మాట చెప్పు. సాక్షి అంటే, నేను దూది పెట్టుకోవడం చూసి సంతకం పెట్టడమేనా? రిజల్టు చెప్తావా తనకి?"

"చెప్పను. చెప్పకూడదు కూడా. మీ ఫలితం మీకే."

"తనకి తెలిస్తే ఇంక నేను ఎక్కడికని పోను? దమ్ముకి కాదని తెలిశాక లేచి బయటికి రాగలనా? వస్తే ఏ మొహం పెట్టుకుని రావాలి? నా దగ్గర ఉన్నది ఇదొక్కటే తల్లీ. ఈ పదకొండు సార్లే. ఇది పోతే నేను..."

"నాకూ ఆ ఉద్యోగం ఒక్కటే ఉందండీ."

"తెలుసు. అందుకే నిలబడి మాట్లాడుతున్నాను. లేకపోతే ఇందాకే తలుపేసుకునేవాణ్ణి."

"పిన్నిగారికి ఒక్క ముక్క కూడా చెప్పను. కారణం మీరు నాతో చెప్పారు, నేను రాసుకుంటాను. ఆవిడ ఊరికే చూసి సంతకం పెడితే చాలు."

"నమూనా పాడైందని చెప్పు."

"అబద్ధం నేను చెప్పలేను. మీరు చెప్తే నేను కాదనను."

"చాలు. అది చాలు. ఓ పది నిమిషాలాగి లోపలికి వెళ్దాం. ఇప్పుడు తను..."

"ఎవరితోనండీ మాటలు?"

"నువ్వెందుకు పైకొచ్చావ్? పిల్ల ఒక్కతే ఉంది లోపల."

"తలుపు తీసే వచ్చాను. ఇక్కడి నుంచి మంచం కనిపిస్తుంది. పది దాటి పావుగంటైంది. ఎప్పుడూ ఎనిమిది నిమిషాల్లో వచ్చేస్తారు, ఏమైందోనని."

"నేనే ఆపేశానండీ పిన్నిగారూ. సర్వే నుంచి వచ్చాను."

"గుర్తుపట్టాను. ఆ రోజు మా అమ్మాయి పేరు అడిగి, దాన్ని పేరుతో పలకరించావు. ఎవరూ పలకరించరు. మంచినీళ్ళు తాగుతావా?"

"వద్దండీ. మీ సంతకం ఒకటి కావాలి."

"దూది పాడైందట. మళ్ళీ తీస్తారట. ఊరికే నిలబడి చూసి సంతకం పెట్టు, అంతే. చదవక్కర్లేదు."

"కళ్ళజోడు తెచ్చుకోలేదు. ఎలాగూ చదవలేను."

"మాస్టారూ, ఇది నోట్లో పెట్టుకోండి. బుగ్గకీ పళ్ళకీ మధ్య. నమలకండి. రెండు నిమిషాలు మాట్లాడకూడదు. ఇదిగో, టైము పెట్టాను."

"మ్."

"పిన్నిగారూ, ఇక్కడ సంతకం. ఇదిగో పెన్ను."

"ఏం రాసుందో నువ్వు చదువు తల్లీ. వినకుండా పెడితే ఆ సంతకానికి విలువుండదు కదా."

"మ్మ్."

"మాట్లాడకండి మాస్టారూ. నమూనా పోతుంది."

"చదువు."

"పై వ్యక్తి చెప్పిన జవాబుకీ పరీక్ష ఫలితానికీ తేడా వచ్చినందువల్ల రెండోసారి నమూనా తీసుకోవడం నా ఎదురుగా జరిగింది. అంతేనండీ."

"పాడైందన్నారు కదా ఆయన. ఇందులో తేడా అని ఉంది. ఏం తేడా?"

"అది నేను చెప్పకూడదండీ."

"సరే, నువ్వు చెప్పకు. నేను చెప్తాను. పొగ లేదని వచ్చింది."

"మ్!"

"తియ్యకండి మాస్టారూ. ఇంకా నిమిషన్నర ఉంది."

"ఉండనివ్వండి నోట్లో. మీరు మాట్లాడుతుంటే నేను ఎప్పుడూ చెప్పలేను, ఏదో ఒక జోకు వేసి లేచిపోతారు. అమ్మా, ఈయనకి తెల్లారగట్ల దగ్గు ఉండేది. పెళ్ళైన కొత్తలో భయపడి లేచి కూర్చునేదాన్ని. తర్వాత ఆ దగ్గే నాకు అలారం. పాతికేళ్ళు దానికే లేచాను. ఆసుపత్రి నుంచి వచ్చాక ఒక్క రోజూ దగ్గలేదు. అలారం కొనుక్కోవాల్సి వచ్చింది నాకు."

"అప్పటి నుంచీ తెలుసా మీకు?"

"ముందు దగ్గు తగ్గిందనే అనుకున్నాను. తర్వాత చొక్కాలు. ఉతికేటప్పుడు జేబు అడుగున పొగాకు నలకలు ఉండేవి, గోరుతో తీసేదాన్ని. అవీ లేవు. ఒక రోజు బట్టలు ఆరెయ్యడానికి డాబా మీదకి వెళ్తుంటే, ఈ పిట్టగోడ మీద బూడిద చూశాను. సిగరెట్ ఎంత పొడుగుందో అంత పొడుగునా, చెక్కు చెదరకుండా పడి ఉంది. పీల్చిన సిగరెట్ బూడిద అలా పడదు కదా. అలా ఎన్ని చూశానో."

"ఎప్పుడూ అడగలేదా?"

"అడిగితే చెప్పాలి కదా ఆయన. చెప్తే ఇంక బయటికి రాలేరు. లోపలే ఉంటారు. ఉంటే ఇద్దరం వినాలి ఆ చప్పుడు. ఒకళ్ళు వింటే చాలు అనుకున్నాను. ఇలా ఇవ్వు, పెడతాను సంతకం. ఇక్కడేనా?"

"కొంచెం కింద. ఆఁ, అక్కడ."

"గీత మీద పడలేదు. ఫరవాలేదా?"

"ఫరవాలేదండీ. మాస్టారూ, అయిపోయింది. తీసెయ్యండి. ఈ గొట్టంలో వెయ్యండి. ఇప్పుడు మాట్లాడొచ్చు."

"ఏం మాట్లాడను."

"ఆ తేడాకి కారణం కూడా రాయాలా అమ్మా?"

"రాయాలండీ. రెండు గీతలున్నాయి."

"ఇంట్లోంచి బయటికి రావడానికి అని రాయి. ఒక గీత మిగులుతుంది."

"అలా రాయనా మాస్టారూ?"

"రాయి. నిజమే కదా."

"రాశాను. మీ ఫారం తేలిపోయినట్టేనండీ. సారుకి ఇప్పుడే ఫోన్ చేసి చెప్తాను. చాలా థాంక్స్ పిన్నిగారూ. మీకు కూడా మాస్టారూ. నా వల్ల..."

"నీ వల్ల ఏమీ లేదు. ఆగమ్మా, వెళ్ళకు. అలాంటి ఫారం ఇంకొకటి ఉందా నీ దగ్గర?"

"ఉంది. ఎందుకండీ?"

"నన్ను అడుగు."

"ఇంటికి ఒక్కరినే అడగాలండీ. మీ ఇంట్లో చీటీ తీస్తే మాస్టారి పేరు వచ్చింది. మీది రాసినా లెక్కలోకి రాదు."

"రాకపోతే రాకపోయింది. ఊరికే అడుగు. రెండేళ్ళుగా ఎవరొచ్చినా అమ్మాయి ఎలా ఉంది అనే అడుగుతారు. నన్ను ఏదీ అడగరు."

"ఏంటిది? పిల్లని పని చేసుకోనివ్వు."

"రెండే ప్రశ్నలు. అడుగు తల్లీ."

"సరే. మీకు పొగ తాగే అలవాటు ఉందా?"

"ఉంది."

"పిన్నిగారూ, అలా రాయలేనండీ. అబద్ధమని తెలిసి రాస్తే..."

"ఆయనది రాశావు కదా."

"అప్పుడు నాకు తెలియదు."

"అయితే రాయకు. అడుగు, చాలు. రోజుకి ఎన్ని?"

"రోజుకి ఎన్ని తాగుతారు?"

"పదకొండు ఎక్కువ. అన్ని నాకొద్దు. అయిదో ఆరో."

"మొదటిది ఎప్పుడు అని కూడా ఉంటుందండీ. నిద్ర లేచాక ఎంతసేపటికి అని."

"ఇవాళ అయితే ఇప్పుడు. ఏవండీ, మీ మాటలు వినపడి పదింటిది ఇంకా తిప్పలేదు నేను. కుడి పక్క మీద ఉంది. ఎడమకి తిప్పాలి."

"నాకు చేతకాదు."

"ఒక చెయ్యి భుజం కింద, ఒక చెయ్యి తుంటి కింద. ముందు ట్యూబు పక్కకి జరిపి పెట్టుకోండి. తలగడ మోకాళ్ళ మధ్య పెట్టాలి, మర్చిపోవద్దు. తర్వాత చార్టులో టైము రాయండి."

"అది చప్పుడు చేస్తుంది."

"చేస్తుంది. చెయ్యనివ్వండి. ఆ అగ్గిపెట్టె ఇలా ఇచ్చి వెళ్ళండి. ఎనిమిది నిమిషాల్లో వచ్చేస్తాను."